కోరి పడిన శ్రమ

గడచిన మార్గశిరమాసమున మేము మువ్వురు మిత్రులతో గూడి సైకిళ్లపై నిర్మల్ నుండి బయలుదేరి, ఘాటు నెక్కి, నేరడిగొండ మీదుగ బోథ్ చేరి, ఆ పరిసరపు గుట్టలలో నాలుగు దినములు తిరిగి వచ్చితిమి. ఈ యాత్రను గూర్చి వ్రాయవలెనని మొదట మేము తలంపలేదు. చూచిన జలపాతములను, ఎక్కిన యెత్తులను వర్ణింపగలవారు మాకంటె పెక్కుమంది కలరు. కాని బోథ్‌కు పోవు బాటలో నొక చిన్న హోటలు ముందఱి బల్లపై గూర్చుండి చాయ త్రాగుచుండగా నొక వృద్ధుడు మమ్ము నడిగిన ప్రశ్న మా వెంట నింటిదాక వచ్చినది. అది యిప్పటికిని మమ్ము విడువలేదు. పాఠకులతో దానిని బంచుకొనిన గాని విడుచునట్లు తోపదు.

ఆతడు మా సైకిళ్లను, నెత్తిపై టోపీలను, బిగుతు దుస్తులను ఒక్కొక్కటిగ బరికించి, "ఏం పని మీద వచ్చిండ్రు సారూ?" అని యడిగెను.

"పనేం లేదు బాపూ, ఊకెనే వచ్చినం" అని మాలో నొకరు చెప్పిరి.

"ఊకెనే గీ గుట్టలెక్కుతున్నరా? మాకంటె ఎక్కక తప్పది. మీకేం తిప్పలొచ్చె?"

చుట్టునున్నవారు నవ్విరి. మేమును నవ్వితిమి. ఆతడు మాత్రము నవ్వలేదు. పరిహాసమునకు గాక తెలిసికొనుటకే యడిగినాడు. కష్టము తప్పించుకొనుటకే జీవితమంతయు బాటుపడిన వానికి, దానిని వెదకికొని నూఱు మైళ్లు వచ్చిన మనుష్యుడు వింతగ దోచుట సహజము. మేము సమాధానము చెప్పక చాయడబ్బులిచ్చి లేచితిమి.

ఆ ప్రశ్నను విచారించుటకు ముందు ఆ బాటలెట్టివో కొంత చెప్పుట యవసరము. నిర్మల్ దాటిన పిమ్మట, సహ్యాద్రి శాఖలని యచ్చటివారు చెప్పుకొను గుట్టలు అడ్డము వచ్చును. పాతబాట మహబూబ్‌ఘాటు మలుపులలో మెలికలు తిరుగుచు టేకుచెట్ల నడుమ నెక్కును. ఒకప్పుడు కాశీ నుండి కన్యాకుమారికి బోవు లారీలన్నియు నీ మలుపుల మీదనే మూలిగెడివి. నేడు నాలుగు వరుసల 44వ నెంబరు జాతీయరహదారి వాని భారమును దనపై వేసికొనినది. కావున పాతఘాటు సైకిలువానికి బ్రశాంతమైన బాట యైనది. కొత్తబాట రాకచే బాతబాటకు విశ్రాంతి లభించుట అరుదైన మేలు. ఎక్కువఱకు ఊపిరి తప్ప మఱొక శబ్దము లేదు. ఎక్కిన పిదప భూమి దిగదు. గుట్టలపై బీఠభూమి పఱచుకొనియుండును. అచ్చటి నుండి నేరడిగొండ చేరి, తూర్పునకు సుమారు 12 కిలోమీటర్లు పోయిన కుంటాల. రహదారి విడిచి పడమటికి బోథ్ దారి బట్టిన పొచ్చెర. రెండును కడెంవాగు దుముకులే. ఆ నీరే తుదకు గోదావరి గలియును. కుంటాలయొద్ద నది సుమారు 45 మీటర్ల యెత్తు నుండి మెట్టుమెట్టుగ జారిపడును. పొచ్చెరలో సుమారు 20 మీటర్ల యెత్తు నుండి విశాలముగ బడును. పొచ్చెర చిన్నదే యైనను మాకు దానిమీదనే మక్కువ యెక్కువ. కుంటాల చూచువారిని దిగ్భ్రమ బుట్టించును. పొచ్చెర తనయొద్ద గూర్చుండుమనును.

బోథ్ నుండి సొనాల మీదుగ మహారాష్ట్రపు కిన్వట్ దిక్కునకు నొకబాట, బజార్‌హత్నూరు పల్లెల మీదుగ ఇచ్చోడ దిక్కునకు మఱొకబాట పోవును. ఇవి ఘాట్లవలె నొకమారే యెక్కి యొకమారే దిగునవి కావు. అర మైలు దిగుడు, వెంటనే వాగుమీది చిన్నవంతెన, వెంటనే యెక్కుడు. దిగునపుడు గూడబెట్టిన వేగమంతయు వంతెన దాటి నూఱు గజములు పోకమునుపే హరించిపోవును. ఇరువైపుల నల్లరేగడి. మేము పోయిన దినములలో పత్తి పగిలి చేలన్నియు దెల్లబడియుండెను. నడుమునకు గుడ్డయొడి కట్టికొనిన స్త్రీలు వరుసగ వంగి యేరుచుండిరి. గోండి, కొలామీ, మరాఠీ, లంబాడీ, ఉర్దూ, తెలుగు భాషలు ఒకే సంతలో వినబడుచుండెను. ఉదయము చలి వ్రేళ్లను గొఱుకును. తెలంగాణమంతటిలో మిక్కిలి చలిగల ప్రదేశములలో నిది యొకటి. బ్రేకు పట్టుకొనిన చేయి తన చేయేనా యని యనుమానము గలుగును.

ఇట్టిచోట సైకిలు త్రొక్కుట యెంత కష్టమో లెక్కగట్టి చూచితిమి. శరీరమును సైకిలును గలిపి 85 కిలోలనుకొందము. దానిని 100 మీటర్ల యెత్తునకు జేర్చుటకు వలయు పని సుమారు 83 కిలోజౌళ్లు. తిన్నయాహారములో నాలుగవవంతు మాత్రమే కండరములు పనిగ మార్చునని శాస్త్రజ్ఞుల యంచనా. ఆ ప్రకారము వలసిన తిండి సుమారు 80 కిలోకాలరీలు, అనగా నొక జొన్నరొట్టెకు లోబడియే. మా పరాక్రమమంతయు నొక రొట్టెముక్క యని తేలినపుడు మా మిత్రులలో నొకరు కొంచెము చిన్నబోయిరి. అయినను ఈ లెక్క యొక సత్యమును దెలుపుచున్నది. అదే యెత్తును కట్టెలమోపు నెత్తిన బెట్టుకొని యెక్కు స్త్రీకిని అదే సూత్రము వర్తించును. బరువు, ఎత్తు, ఈ రెండింటినే గుట్ట యడుగును. ఎక్కువాడు కోరి యెక్కుచున్నాడా, తప్పక యెక్కుచున్నాడా యని యడుగదు.

గుట్ట యడుగని దానిని వృద్ధుడడిగెను.

మన భాషలో రెండు మాటలు కలవు: ఉపవాసము, పస్తు. రెండింటియందును గడుపు ఖాళీగనే యుండును. వైద్యుడు పరీక్షించిన రెండింటి నడుమ భేదము గానరాదు. కాని ఏకాదశినాడు గృహిణి యుపవాసమున్నదని చెప్పుటకును, కూలిదొరకక యొక యిల్లాలు పస్తున్నదని చెప్పుటకును నడుమ సముద్రమంత దూరము గలదని తెలుగు మాటలాడు బిడ్డకు సైతము దెలియును. ఉపవాసమునకు గౌరవము, పస్తునకు జాలి, తఱచు అదియును లేదు. ఎందువలన? ఉపవాసమున్నవాని యింట బియ్యము గలదు. తినగలిగియు దినకుండుటలో నున్న స్వాతంత్ర్యమే దానికి బుణ్యమను పేరు దెచ్చిపెట్టినది. అట్లే మోటారుబండి నింట నిలిపి సైకిలు త్రొక్కువాని శ్రమకు సాహసమని పేరు; బండిలేక త్రొక్కువాని శ్రమకు బేరే లేదు. మా శ్రమ మాకు శోభనిచ్చుటకు గారణము శ్రమ గాదు, దానిని మానుకొనగల శక్తియే. ఈ మాట యొప్పుకొనుట మాకంత సులభము గాలేదు. నాలుగు దినములు గుట్టలెక్కినందులకు మేము లోలోన గొంత గర్వించియుంటిమి.

ఇందుకు బ్రతివాదము లేకపోలేదు. శ్రమకు శ్రమయందే విలువ కలదనియు, అది మనుష్యుని గట్టిపఱచుననియు గొందఱందురు. సైకిలు చరిత్రలోనే యీ వాదము గొప్పగ నడచినది. ఫ్రాన్సుదేశమును జుట్టివచ్చు సుప్రసిద్ధమైన పందెము 1903లో నారంభమైనది. దానిని స్థాపించిన హెన్రీ దెగ్రాంజ్ మార్గమధ్యమున గేరు మార్చు యంత్రమును జిరకాలము నిషేధించెను. ఎత్తున కండబలముతోనే గెలువవలెను గాని యంత్రోపాయముతో గాదని యాతని పట్టుదల. 1937 వఱకు నా నిషేధము తొలగలేదు. అదే దేశమున సాంతెత్యెన్ పట్టణవాసియగు పాల్ దివివీ, వెలోసియో యను కలముపేరుతో బత్రిక నడపినవాడు, గేరుల పక్షము వహించెను. సైకిలు పందెగాండ్ర సొత్తు కాదనియు, సామాన్యులు గొండలలో సుఖముగ దిరుగుట కుపకరింపవలెననియు నాతని యభిప్రాయము. మేము రెండవవాని పక్షము. కష్టమును బెంచుటే గొప్ప యనుకొనిన, సొనాల బాటలో గేరులేని పాతసైకిలుపై రెండు పాలబిందెలు వ్రేలాడదీసికొని మమ్ము దాటిపోయిన మనుష్యునికి మేము పాదాభివందనము చేసి యింటికి మఱలవలసియుండెను. ఆతనికి గేరునిచ్చిన వెంటనే తీసికొనును. శ్రమయే పరమార్థమనువాడు తఱచు శ్రమలో బుట్టనివాడై యుండును.

నేడు మనదేశమునను 200 కిలోమీటర్ల బాటను పదుమూడున్నర గంటలలో ముగింపవలెనను దీక్షలు నడచుచున్నవి. అందు మొదట వచ్చినవానికి బహుమానము లేదు. మార్గమధ్యపు నెలవులలో చీటిపై ముద్రలు వేయించుకొని గడువులోపల జేరిన జాలును. మాకీ యేర్పాటు మీద గౌరవము కలదు. ఇతరుని నోడించుట దానిలో లేదు. అయినను వృద్ధుని ప్రశ్నకు ముద్రలు వేసిన చీటి సమాధానము గాదు.

కోరిన శ్రమ యంతయు వేడుకయేనా? కాదని యా ప్రాంతమే మాకు జెప్పినది. ఇంద్రవెల్లి మండలమున గేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు, పుష్యమాసమున, మెస్రం వంశపు గోండులు గంగాజలము దెచ్చుటకు గోదావరిలోని హస్తినమడుగునకు బాదచారులై పోవుదురు. కాళ్లకు జెప్పులుండవు. ఊరూర విడిదిచేయుచు, పూర్వులు నడచిన బాటనే నడచి, జలమును దెచ్చి, పుష్య అమావాస్యరాత్రి దేవతకు బూజచేయుదురు. వారిని నడువుమని యెవ్వరు నిర్బంధింపరు. బస్సులున్నవి, జీపులున్నవి. అయినను నడతురు. ఈ శ్రమ పస్తు గాదు, మా వేడుక వంటిదియు గాదు. ఎవరైనను వారిని ఏం పని మీద పోవుచున్నారని యడిగిన దడబడక సమాధానము చెప్పగలరు. వారి నడకలో దమవారి ఋణము, పల్లెలతోడి చుట్టఱికము, తరువాతి తరమునకు దారి చూపుట యిమిడియున్నవి. దీపావళినాటి దండారీయు నట్టిదే. గుస్సాడీలు నెమలియీకల టోపీలు ధరించి యొకయూరి నుండి మఱియొకయూరికి అతిథులై పోవుదురు, అతిథులను దమయూర నాదరింతురు. బాటయనగా వారికి రెండు యిండ్ల నడుమనున్న సంబంధము. మాకు బాటయనగా ఫోనులోని పటముపై నీలిగీత.

ఈ మాట కొంత కఠినముగ దోచవచ్చును గాని బాటల చరిత్ర చూచినవారికి దోచదు. 1940వ దశకమున గోండుల నడుమ మార్లవాయిలో నివసించి పరిశోధించిన హైమండార్ఫ్ దొర, 1948లో గోండులను గూర్చిన మహాగ్రంథమును బ్రకటించినవాడు, బాటలు పడుటతో బైనుండి భూమి గోరువారును వడ్డీవ్యాపారులును జొరబడిరనియు, గోండులు తమ భూములను గోల్పోయిరనియు వ్రాసియున్నాడు. కుమ్రం భీము జోడేఘాట్ గుట్టలలో బోరాడి 1940లో మరణించుటకు వెనుకనున్నది భూమి, అడవి, నీరు వీని గోడే. 1981 ఏప్రిల్ 20న నింద్రవెల్లిలో గాల్పులకు బలియైన గోండులు గూడినదియు భూమికొఱకే. గిరిజనుల భూమి గిరిజనేతరులకు బోగూడదని 1959నాటి నిబంధనకు 1970లో బదును పెట్టవలసి వచ్చినది. కావున సుందరమైన బాట దొరకినదని మేము సంబరపడునపుడు, అది యెవరికి లాభము దెచ్చినదో, ఎవరి నష్టమునకు దారితీసినదో యెఱుగకుండుట యుచితము గాదు.

అట్లని బాటయే చెడ్డదనుట వెఱ్ఱి. వానకాలమున వాగు పొంగి యూరు దెగిపోయినపుడు నిండుచూలాలిని మంచముపై మోసికొని పోవలసిన యిక్కట్టు ఈ జిల్లావాసులకు గ్రొత్త గాదు. వంతెనయే లేని పల్లెవానియొద్ద బాటల కీడును గూర్చి యుపన్యసించుట మర్యాద గాదు. వారికి వలసినది బాట. దానితోబాటు బాటవెంట వచ్చువాడు తమ భూమిని దినడను భరోసా. మొదటిది సర్కారు వేయగలదు. రెండవది సగము చట్టము చేతిలో, సగము మావంటి వచ్చువారి చేతిలో నున్నది. మేము భూమి కొనుటకు బోలేదు, నిజమే. కాని మా మిత్రులలో నొకరు పొచ్చెర యొద్ద నిలుచుండి, ఇచ్చట నొక విడిదిగృహముండిన నెంత బాగుండునని యనిరి. ఆ మాటలో దోషమేమియు లేదు. అయినను మేము ముగ్గురము కొంతసేపు మాటలాడలేదు.

మూడవనాటి యుదయము మఱొక సంగతి జరిగినది. బోథ్‌కు సమీపమున మేము ఎత్తెక్కుచుండగా వెనుకనుండి గంట వినబడెను. నలుగురు బడిపిల్లలు, బాలికలు, రెండు జడలు రిబ్బనులతో మడిచి కట్టికొని, గేరులేని సైకిళ్లపై నిలుచుండి త్రొక్కుచు వచ్చి మమ్ము గలిసికొనిరి. ఒకతె వెనుక నింకొకతె కూర్చుండియుండెను. అనగా నెక్కుచున్నవారు నలుగురు గాదు, ఐదుగురు. "ఏ ఊరు సార్ మీది?" అని యొకతె యడిగెను. చెప్పితిమి. "గంత దూరం నుంచి గింత మెల్లగ వచ్చిండ్రా?" అని నవ్వి, మమ్ము దాటి, ఎత్తుమీద గనుమఱుగైరి. మా సైకిళ్ల వెల జెప్పిన నా పిల్ల యింకెంత నవ్వియుండునో!

ఆ క్షణమున మాకు గలిగినది సిగ్గు. ఓడినందులకు గాదు. మాకొక కుమారుడు, ఒక కుమార్తె. కుమారునికి పదియవయేట మేమే సైకిలు కొని, వెనుకసీటు పట్టుకొని పరుగెత్తి నేర్పితిమి. ఆతడు పడెను, మోకాలు చీరుకొనెను, మేము సంతోషించితిమి. మఱుసటియేడు కుమార్తె తనకును నేర్పుమని యడిగెను. వద్దంటిమి. పడిన ముఖము చెడుననియు, బజారులో బోకిరులుందురనియు, రిక్షా యేర్పఱుతుమనియు జెప్పితిమి. రిక్షా యేర్పఱచితిమి గూడ. ఆమెకు లోటు చేయలేదని, పైగా సుఖమిచ్చితిమని ముప్పది యేండ్లు నమ్మియుంటిమి. స్త్రీవిద్యను గూర్చి సభలలో మాటలాడినవారము, చందాలు వసూలుచేసినవారము మేము!

వృద్ధుని ప్రశ్నకు సగము సమాధానము మాకచ్చట దొరకినది. ఒకరిపై నిష్టములేని కష్టము మోపుట యన్యాయమని యందఱము నెఱుగుదుము. కాని యొకరు కోరిన కష్టమును వారికి దక్కనీయకుండుటయు నన్యాయమే యని మనయిండ్లలో నెఱుగము. మేము మా కుమార్తెకు సుఖమును గాదు, పస్తును గాదు, మఱియొకదానిని లేకుండ జేసితిమి: ఎత్తును జూచి, ఎక్కవలెనా వలదా యని తానే నిశ్చయించు హక్కును. కట్టెలమోపు స్త్రీకిని మా కుమార్తెకును పోలిక లేదనుకొంటిమి. ఒకతెకు శ్రమ మితిమీరినది, మఱియొకతెకు దానిని జేరనీయలేదు. కాని యిరువురి విషయమునను నిశ్చయించినవారు వేఱెవ్వరో. మోపెత్తినదానికి "మోయకతప్పదు" అని లోకము చెప్పినది. మా యమ్మాయికి "త్రొక్కవద్దు" అని మేము చెప్పితిమి. ఒకే వ్యాకరణము!

ఇది మేము క్రొత్తగ గనుగొనినది గాదు. 1896లో అమెరికాదేశపు సుసాన్ ఆంథొనీ, స్త్రీలకు వోటు గోరి జీవితము ధారవోసిన యామె, స్త్రీ స్వాతంత్ర్యమునకు లోకమున సైకిలు చేసినంత మేలు మఱేదియు జేయలేదని చెప్పినది. మనకు దాపుననే, తమిళదేశపు పుదుక్కోట జిల్లాలో 1990వ దశకపు తొలియేండ్ల యక్షరాస్యతా యుద్యమమున, చదువుతోబాటు స్త్రీలకు సైకిలు నేర్పుటయు నొక కార్యక్రమముగ బెట్టుకొనిరి. నాటి కలెక్టరు షీలారాణి చుంకత్తు దానికి దోడ్పడినది. వేలకొలది గ్రామస్త్రీలు, కూలీలు, గనిపనివారు నేర్చిరి. నేర్చినవారు నీళ్లబిందెలను, బిడ్డలను, కూరగాయల గంపలను సైకిళ్లకెక్కించి తమ వేళకు దాము పోజొచ్చిరి. మోయు బరువు తగ్గినదని గాదు, బస్సువానికొఱకు, అన్నకొఱకు, భర్తకొఱకు వేచియుండుట తగ్గినదని వారి సంతోషము. ఈ సంగతి మేమెప్పుడో చదివి, మెచ్చి, పక్కనబెట్టితిమి. అది పల్లెటూళ్ల పేదవారికి సంబంధించిన సంస్కరణమని, మాయింటికి సంబంధింపదని తలంచితిమి కాబోలు.

ఇప్పుడు వృద్ధునికేమి చెప్పుదుము? "ఊకెనే వచ్చినం" అన్నమాట యబద్ధము గాదు. నిష్ప్రయోజనముగ దిరుగుట మనుష్యునికి దగినదే యని మా నమ్మకము. పనికొఱకు మాత్రమే బ్రదుకవలెననుట, ముఖ్యముగ నితరులు పనికొఱకే బ్రదుకవలెననుట, పాత జమీందారుల ధర్మము. గుట్టల నడుమ నుదయపు మంచులో బోవు సుఖము మాకెట్లు హక్కో, పత్తియేరు స్త్రీకిని ఒకనాడు పనిలేక ఊకెనే పొచ్చెరకు బోయి కూర్చుండుట యంతే హక్కు. మా తిరుగుటలో లోపము నిష్ప్రయోజనత గాదు. ఆ "ఊకెనే" యనుమాట మాకొక్కరికే యలవియై యుండుటలో నున్నది. ఈ సంగతి యాతనితో జెప్పవలెనని, తిరుగుబాటలో నదే హోటలు ముందఱ దిగితిమి. ఆతడు లేడు. కందిచేనుకు పోయినాడని హోటలువాడు చెప్పెను. అరగంట కూర్చుంటిమి. చాయ రెండుమారులు త్రాగితిమి. రాలేదు. ఆతడు పనిలో నుండెను.

నాలుగు దినములలో మా నడవడి కొంత మాఱినదని మాత్రము చెప్పగలము. మొదటినాడు గంటకెన్ని కిలోమీటర్లు పోయితిమాయని చూచుకొనుచు, తెచ్చుకొనిన పొట్లములు తినుచు, పల్లెలను దాటించుకొని పోయితిమి. చేలలోని స్త్రీలను అడుగకయే యొకరు ఛాయాచిత్రము దీసిరి. ఒకయామె కొంగు ముఖమున కడ్డము పెట్టుకొనినది. దానిని తరువాత దుడిచివేసితిమి గాని, ఆ కొంగు మా మనస్సు నుండి చెఱగలేదు. పిదప పల్లెలలోనే రొట్టె కొని తింటిమి. బాట యడుగుటకు ఫోను మాని మనుష్యులనడిగితిమి. ఒకయూర మూడు దారులు చెప్పిరి, మూడును వేర్వేఱు. వారిలో వారే తగవులాడిరి. ఆ తగవులో నచ్చటి వాగుల పేర్లన్నియు దెలిసినవి. సైకిలుకిది యొక్కటి గొప్ప సుగుణము: ఎదుటివాడు "ఎటు పోతున్నరు" అని యడిగిన వినబడునంత మెల్లగ నది పోవును. కారులోనివానిని వృద్ధుడా ప్రశ్న యడిగియుండడు.

ఇంటికి వచ్చి కుమార్తెతో ఈ వృత్తాంతమంతయు జెప్పితిమి. ఆమె కిప్పుడు నలువది దాటినవి, ఇద్దఱు బిడ్డల తల్లి. కొంతసేపూరకుండి, "నాన్నా, పడతానని నేనెప్పుడూ భయపడలె. మీరే భయపడ్డరు" అని మాత్రము చెప్పి, లోపలికి బోయి వంటపని చూచుకొనసాగెను. క్షమింపుమని యడుగుటకు మాకు నోరు రాలేదు. అడిగియున్న బాగుండెడిది.

గడచిన నెలలో ఆమె తానే సైకిలు కొనుక్కొనినది. వచ్చు మార్గశిరమునకు బోథ్ రావలెనని సంకల్పము. పిల్లలు నిద్రలేవకముందే యెదుటనున్న బడిమైదానమునకు బోయి యభ్యసించుచున్నది. ఇప్పటికి రెండుమారులు పడినది, మోచేయి చీరుకొనినది. వెనుకసీటు పట్టుకొని పరుగెత్తుటకు మమ్ము రమ్మన్నది. దినదినము తెల్లవాఱుజామున బోవుచున్నాము. మైదానమంతయు సమతలమే యైనను, ఈ వయస్సున నా పరుగు మాకు మహబూబ్‌ఘాటుకంటె కష్టముగనున్నది.